ఏడు మూరల తెర

పిన్ని మూడు నెలలకని వచ్చింది. ఆ మూడు నెలలు ఆరేళ్ళుగా నడుస్తూనే ఉన్నాయి.

వచ్చిన రోజున ఆమె చేతిలో ఒక సంచీ, ఆ సంచీలో మూడు జతల బట్టలు, ఒక పెద్ద కత్తెర ఉన్నాయి. కత్తెర ఎందుకు తెచ్చావని ఎవరూ అడగలేదు. సోఫాలకు గుడ్డలు కుట్టే కార్ఖానాలో పదకొండేళ్ళు పనిచేసిన మనిషి కత్తెర లేకుండా ఎక్కడికి పోతుంది? అప్పుడు ఆమె అక్క పెద్దకూతురికి ఆరేళ్ళు. కీళ్ళ జ్వరం వచ్చి మంచం పట్టింది. అక్క ఆసుపత్రిలో నర్సు. ఊళ్ళో పిల్లలందరి జ్వరాలూ చూసే ఆవిడకు తన పిల్ల పక్కన కూర్చునే తీరిక లేదు. బావ గూడ్సు రైలు నడుపుతాడు. వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటాడు, అందులో ఒకటిన్నర రోజు నిద్రలోనే ఉంటాడు. దిక్కుతోచక అక్క చెల్లెలికి ఫోను చేసి, “ఒక్క మూడు నెలలు రావే, పిల్ల లేచి తిరిగేదాకా” అంది. పిల్ల లేచి తిరగడమేమిటి, గోడలెక్కి దూకడం మొదలుపెట్టే ఐదేళ్ళు దాటింది. పిన్ని వెళ్ళే మాట ఎవరూ ఎత్తలేదు. పిన్ని అసలే ఎత్తలేదు.

ఆ పెద్దపిల్లను ఇంట్లో పేచీ అని పిలుస్తారు. ఒక ప్రశ్నకు ఒక జవాబు చెప్పి ఊరుకోవడం ఆ పిల్ల జాతకంలో లేదు. “తెల్లారింది, లేవే” అంటే “తెల్లారలేదు, మబ్బు పట్టింది” అంటుంది. “నీళ్ళు తాగుతావా” అంటే “ఎన్ని?” అంటుంది. రెండోదానికి ఏడేళ్ళు, కాలు ఒకచోట నిలవదు కాబట్టి అది బొంగరం. జ్వరం తగ్గాక పేచీని బడికి పంపుదామనే అనుకున్నారు. కానీ అప్పటికే తన ఈడు పిల్లలకంటే ఏడాది వెనకబడింది. ఈ ఒక్క ఏడూ ఇంట్లో చదివించి, వచ్చే ఏడు పంపుదాం అన్నారు. ఆ ఒక్క ఏడూ పిన్నిగారి మూడు నెలల్లాగే సాగింది. బొంగరం చదువు కూడా అందులోనే కలిసిపోయింది.

పిన్నికి చదువు చెప్పడం రాదు. ఆ మాట ఎవరో అనడం కాదు, తనే చెప్పుకుంటుంది. ఆమెకు కొలవడం వచ్చు, కత్తిరించడం వచ్చు, కుట్టడం వచ్చు, మేకు వంకర పోకుండా కొట్టడం వచ్చు. అందుకని చదువునే తన దారికి తెచ్చుకుంది. చరిత్ర పుస్తకంలో ఏది కనబడితే అది భోజనాల బల్లమీద తయారు కావలసిందే. బాబిలోనువాళ్ళు మట్టి పలకలమీద రాసేవారని చదివిన రోజున పిల్లలు పెరట్లోంచి మట్టి తెచ్చి, పిసికి, ఐస్‌క్రీం పుల్ల కొనను ఏటవాలుగా చెక్కి మేకుల్లాంటి గుర్తులు నొక్కారు. పేచీ చెక్కిన మొట్టమొదటి శాసనం “బొంగరం నా పెన్సిలు తీసింది” అని. జలప్రళయంలో జీవాలన్నిటినీ ఎక్కించుకున్న నోవహు ఓడను చెప్పుల అట్టపెట్టెలతో కట్టి, మైనం పూసి తొట్టిలో వదిలారు. ఓడ బాగానే తేలింది గానీ బొంగరం ఏనుగులనూ ఒంటెలనూ ఒకే పక్కకు ఎక్కించడంతో లోకం మునిగిపోయింది. సబ్బు ముక్కలతో పిరమిడ్ కడితే, రైలు దిగి వచ్చిన బావ కళ్ళు మూసుకుని శిఖరంతో స్నానం చేసి వచ్చేశాడు. బూర శబ్దానికి కూలిందని చెప్పే యెరికో గోడను పంచదార బిళ్ళలతో కట్టారు. ఏడు రోజులు చుట్టూ తిరిగి, ఏడో రోజున బూర ఊది కూల్చాలని పథకం. మూడో రోజుకే చీమలు ఆ పని పూర్తి చేసేశాయి.

“నా ఇంట్లో ఇన్ని రాజ్యాలు పుట్టాయి, ఇన్ని కూలాయి. ఒక్క రాజైనా చీపురు పట్టాడా?” అనేది అక్క డ్యూటీ దిగి వచ్చి. పిన్ని నవ్వేది. ఊడ్చేది కూడా పిన్నే.

ఆమెకు ముప్పై తొమ్మిదేళ్ళు. పెళ్ళి కుదరలేదో, కుదిరినప్పుడు ఆమెకు నచ్చలేదో, ఆ సంగతి ఇప్పుడు ఆమెకే సరిగ్గా గుర్తు లేదు. కార్ఖానాలో పదకొండేళ్ళలో ఆమెకోసం ఎదురుచూసినవి సోఫాలే. ఇక్కడ పొద్దున్నే ఏడింటికి ఇద్దరు ఆడపిల్లలు జుట్టు విరబోసుకుని వచ్చి మంచం అంచున కూర్చుని, “పిన్నీ, ఇవాళ ఏ కాలం?” అని అడుగుతారు. మోషే కాలమా, ఈజిప్టు ఫరోల కాలమా, నీనెవె నగరం కాలమా అని. ఆ ఒక్క ప్రశ్న కోసం పిన్ని ఆరున్నరకే మెలకువ వచ్చినా లేవకుండా కళ్ళు మూసుకుని పడుకునేది. వాళ్ళు వచ్చి లేపితేనే లేచేది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

గుడారం పని మొదలుపెట్టినప్పుడు పేచీకి తొమ్మిదేళ్ళు దాటాయి. మోషే కాలంలో ఎడారిలో జనం మోసుకుపోయిన దేవుడి గుడారం అది. లోపలి కప్పుకు పది తెరలు. ఒక్కో తెర పొడవు ఇరవై ఎనిమిది మూరలు, వెడల్పు నాలుగు మూరలు. ఐదింటిని కలిపి ఒక పెద్ద తెర, మిగతా ఐదింటిని కలిపి ఇంకో పెద్ద తెర చెయ్యాలి. రెండింటి అంచులకూ యాభై చొప్పున నీలి దారపు కాజాలు కుట్టి, వాటిని యాభై కొక్కేలతో కలిపితే కప్పు మొత్తం ఒకటవుతుంది. చదవడం పూర్తి కాకముందే పేచీ చెయ్యెత్తింది.

“ఎవరి మూర?”

“అంటే?”

“మోచేతినించి వేలి కొసదాకా మూర అన్నావ్. నాన్న మూర వేరు, బొంగరం మూర వేరు. ఎవరిది?”

పిన్ని ఇరుకున పడింది. “ఎవరు చేస్తే వాళ్ళ మూర” అంది. అక్కడితో అది ఆ ఇంటి శాసనమైపోయింది. టేపు ముట్టుకోకూడదు, ఎందుకంటే ఎడారిలో టేపు లేదు. స్కేలు ముట్టుకోకూడదు. పిన్ని కూడా ముట్టుకోకూడదు, ఎందుకంటే పని పిల్లలది. పేచీ తన చెయ్యి గుడ్డమీద ఆన్చి వేలికొస దగ్గర సుద్దతో గీత పెట్టాలి, మళ్ళీ ఆ గీతమీద మోచెయ్యి పెట్టాలి. అసలు కొలతలు ఇంట్లో పట్టవు కాబట్టి నాలుగు మూరలకు ఒక మూర లెక్కన తగ్గించారు. అంటే ఒక్కో తెర ఏడు మూరల పొడవు, మూరెడు వెడల్పు.

మొదటి ఐదు తెరలకే ఐదు నెలలు పట్టింది. తెరలమీద రెక్కల దేవదూతలను కుట్టాలి మరి. పేచీ కుట్టినవి దేవదూతల్లాగే వచ్చాయి, బొంగరం కుట్టినవి మాత్రం గుడ్లు పెట్టేలా ఉన్నాయి. ఐదింటినీ కలిపి, అంచుకు కాజాలు కుట్టి, మడతపెట్టి ట్రంకు పెట్టెలో దాచారు. ఆ తర్వాత నైలు నది అడ్డం వచ్చింది, నీనెవె అడ్డం వచ్చింది, బొంగరానికి గవదబిళ్ళలు వచ్చాయి. చూస్తుండగానే రెండేళ్ళు గడిచాయి.

అప్పుడు వచ్చింది ఆ ఉత్తరం, విద్యాశాఖ ఆఫీసు నుంచి. ఇంట్లో చదువుకునే పిల్లలకు పన్నెండేళ్ళు నిండేముందు పరిశీలకురాలు ఇంటికి వచ్చి చూస్తారు. పిల్ల పని చూసి, పిల్లను అడిగి, కాగితంమీద రెంటిలో ఒకటి రాస్తారు. ఇంట్లోనే కొనసాగడమో, వచ్చే నెలనించి బడికి వెళ్ళడమో. ఒకసారి రాశాక మూడేళ్ళదాకా మార్చడానికి లేదు.

పిన్ని ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి పంచదార డబ్బా కింద పెట్టింది. మళ్ళీ తీసి మూడోసారి చదివింది. పేచీ బడికి పోతే మర్నాడే బొంగరం కూడా పోతానంటుంది. పేచీ ఎటు తిరిగితే అటు తిరిగే పిల్ల అది. ఆ మీదట ఈ ఇంట్లో పిన్నికి పనేముంది? మళ్ళీ కార్ఖానా, మళ్ళీ అదే కిటికీ పక్క మిషను, దూది ధూళి, సాయంత్రానికి గొంతులో గరగర. అవన్నీ ఆమె భరించగలదు. పొద్దున్నే ఏడింటికి ఎవరూ వచ్చి లేపని మంచాన్ని మాత్రం తలచుకోలేకపోయింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక గిన్నెలు తుడుస్తూ అక్క అడిగింది.

“నీ ఉద్దేశమేంటే?”

“నన్నడుగుతావేంటక్కా. తల్లివి నువ్వు.”

“తల్లిని నేనే, కాదన్నానా? కానీ దానికి ఏ పన్ను ఊగుతోందో నీకు తెలుసు. నాకు తెలీదు. ఇంట్లో పడుండే మొహమైనా కాదు నాది. నువ్వేమంటే అదే.”

“ఇంట్లో బాగానే చదువుతోందిగా” అంది పిన్ని. ఆ మాట అక్క మొహం చూస్తూ అనలేదు, గిన్నె అడుగు చూస్తూ అంది.

“అదేమంటోంది మరి?”

“దాన్నడిగితే తెల్లారుతుంది” అని నవ్వేసింది పిన్ని. అక్క కూడా నవ్వింది. పిన్ని ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. అడగడానికి భయం.

భయపడడానికి కారణం లేకపోలేదు. వాళ్ళది మేడమీది వాటా. ముందుగది కిటికీ వీధిలోకి ఉంటుంది. రోజూ పొద్దున బడిపిల్లలు గుంపులు గుంపులుగా ఆ వీధినే పోతారు, సాయంత్రం ఆ వీధినే వస్తారు. పొద్దున వాళ్ళు పోయేటప్పుడు పేచీ నోట్లో బ్రష్షు పెట్టుకుని ఆ కిటికీ దగ్గర నిలబడుతుంది. నురగ గడ్డంమీదికి కారుతున్నా తుడుచుకోదు.

“చారల సంచీ పిల్ల ఇవాళ రాలేదు పిన్నీ” అంటుంది ఒకరోజు.

“నీకెందుకే?”

“చూస్తే తప్పా? నీకెందుకు?”

ఇంకోరోజు, “చారల సంచీ పిల్లకి కొత్త బూట్లు పిన్నీ. కరుస్తున్నాయి, కుంటుతోంది.”

పిన్ని విననట్టు ఊరుకునేది. పిల్ల ఎదురింటి కుక్కను చూస్తోందిలే అని తనకు తను చెప్పుకునేది. ఎదురింటివాళ్ళకు కుక్క లేదు.

పరిశీలకురాలు రావడానికి రెండు నెలల గడువుంది. గుడారాన్ని పూర్తిచేసి చూపిద్దామంది పిన్ని. అందులో చరిత్ర ఉంది, లెక్కలున్నాయి, కుట్టుపని ఉంది, ఓర్పు ఉంది. అది చూశాక ఏ ఆఫీసరైనా పిల్లను ఇంట్లోంచి కదపమంటుందా? మనసులో లెక్క అదీ. పేచీ ముందు వద్దంది, తర్వాత ఎందుకంది, ఆ తర్వాత ఎన్ని కొక్కేలు కావాలంది, చివరికి సరేనంది. ఇద్దరు పిల్లలూ చేతులు కందిపోయేలా కుట్టారు. పేచీ గుడ్డమీద చెయ్యి ఆన్చడం, గీత పెట్టడం, చెయ్యి జరపడం. పిన్ని చేతులు కట్టుకుని నిలబడి చూడడం.

కార్ఖానాలో ఆమెకు పేరుండేది. సోఫా కోడు వేలెడు తక్కువైతే దూరంనించి చూసి చెప్పేసేది. అంతటి మనిషికి, కళ్ళముందు చాచిన ఆ చెయ్యి రెండేళ్ళ కిందటి చెయ్యి కాదని తట్టలేదు. తన చేతులతోనే ఆ ఏడాది పేచీ గౌను అంచు రెండుసార్లు విప్పి కిందికి దించింది. చెప్పులు రెండుసార్లు మార్పించింది. అయినా తట్టలేదంటే ఏమనాలి? తట్టడం ఆమెకు ఇష్టం లేదు, అంతే.

ఇంకో తప్పు కూడా జరిగింది. రెండు భాగాలను కలిపి చూడకుండా పని ముగిసిందనకూడదు. కార్ఖానాలో చేరిన మొదటి రోజున నేర్పే పాఠం అది. పిన్ని ట్రంకు తెరవబోతే పేచీ అడ్డం పడింది.

“ఇప్పుడే కలిపేస్తే ఆవిడొచ్చి చూసేదేముంది? ఆవిడ ముందే కలపాలి. అప్పుడే బావుంటుంది.”

“ఒకసారి సరిచూసుకుందామే.”

“ఏడు మూరలంటే ఏడు మూరలే పిన్నీ. లెక్క తప్పుతుందా?”

లెక్క తప్పదుగా అని పిన్ని ఊరుకుంది.

ఆ రోజు పొద్దున పదింటికి పరిశీలకురాలు వచ్చింది. యాభై దాటిన ఆవిడ, జలుబు చేసి ముక్కు ఎర్రగా ఉంది, భుజాన పిల్లంత సంచీ వేలాడుతోంది. బొంగరం ఎదురెళ్ళి మూడు చుట్లు తిరిగి స్వాగతం చెప్పింది. ముందుగదిలో సామానంతా గోడవారకు జరిపేశారు. ఆవిడకోసం ఒక్క కుర్చీ ఉంచారు. అక్క మధ్యాహ్నం డ్యూటీకని నర్సు బట్టల్లోనే ఉండి, వంటింటి గుమ్మంలో నిలబడింది. పిన్ని గోడకానుకుని నిలబడింది.

పేచీ గుడారం కథంతా చెప్పింది, మధ్యలో ఆవిడ అడిగిన ప్రశ్నలన్నిటికీ ఎదురు ప్రశ్నలు వేస్తూ చెప్పింది. ట్రంకులోంచి పాత తెర తీసి నేలమీద పరిచింది. దాని పక్కన కొత్త తెర విప్పింది. బొంగరం ఇత్తడి కొక్కేల డబ్బా పట్టుకుంది. ఒక కొసనించి మొదలుపెట్టి పాత తెర కాజాకు కొత్త తెర కాజాను కలుపుతూ వచ్చింది పేచీ. ఐదు బాగున్నాయి. పదికి కొత్త తెర కాస్త ఉబ్బింది. ఇరవైకి ముడతలు పడింది. ముప్పైకి పాపాయి గౌను కుచ్చుల్లా లేచి నిలబడింది.

“ఎక్కువైందోచ్!” అని అరిచింది బొంగరం.

పేచీ కొక్కేలన్నీ ఊడదీసి, రెండు తెరలనూ చదునుగా సాగదీసి పరిచింది. ఒక కొస కలిసింది. రెండో కొస దగ్గర కొత్త తెర జానకు పైగా ముందుకు వచ్చేసింది. పరిశీలకురాలి పెన్ను కాగితంమీద ఆగింది.

“అదీ… గుడ్డ సాగి ఉంటుంది మేడం” అంది పిన్ని.

“సాగలేదు. నువ్వాగు పిన్నీ” అంది పేచీ.

పాత తెర పక్కన బోర్లా పడుకుని చెయ్యి ఆన్చి కొలవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఆరు దాకా వచ్చాక మిగిలిన ముక్కను చూసి మొహం చిట్లించింది. “ఇది ఏడు కాదు. ఆరు. ఆరూ, పైన అరమూర కూడా లేదు.”

“అప్పుడు ఏడే కొలిచావుగా” అంది అక్క గుమ్మంలోంచి.

“ఏడే కొలిచాను. నాకు బాగా గుర్తు.”

లేచి కూర్చుంది. తన చేతిని ఇటు తిప్పి చూసుకుంది, అటు తిప్పి చూసుకుంది. పాత తెరమీద చెరిగీ చెరగని సుద్ద గీత ఒకటి కనబడితే దానిమీద మోచెయ్యి పెట్టి చూసింది. తర్వాతి గీత వేళ్ళ కింద పడింది. వేలికొస దానికి రెండు వేళ్ళు అవతలికి పోయింది.

“పిన్నీ, నా చెయ్యి పెరిగింది” అంది పేచీ.

పేచీ వేళ్ళు మడుస్తూ లెక్క వేసింది. “మూరకి రెండు వేళ్ళు పెరిగింది. ఏడు మూరలకి పద్నాలుగు వేళ్ళు.” ముందుకు వచ్చిన గుడ్డమీద వేళ్ళు పక్కపక్కన పేర్చి చూసింది. సరిగ్గా పద్నాలుగు.

పరిశీలకురాలు పెద్దగా నవ్వింది. నవ్వుతూ తుమ్మింది, తుమ్ముతూ నవ్వింది, రుమాలుతో కళ్ళు తుడుచుకుంది. “ఇరవై ఏళ్ళనించి ఇళ్ళు తిరుగుతున్నానండీ. పిల్లలు సరిగ్గా చేసినవి చాలా చూశాను. తప్పు చేసి, ఆ తప్పు ఎక్కడినించి వచ్చిందో తమంతట తామే పట్టుకున్న పిల్లల్ని చూడలేదు.” పిన్ని వైపు తిరిగింది. “చాలా బాగా చెబుతున్నారు. నాకే అనుమానమూ లేదు. ఇంట్లోనే కొనసాగించమని రాసేస్తాను.”

పిన్నికి ఒళ్ళంతా తేలికైపోయింది. రెండు నెలలుగా ఆమె కోరుకున్న మాట అదే. ఆ మాట ఆవిడ నోటినించి, ఎవరూ బతిమాలకుండానే, అంత సులువుగా వచ్చేసింది.

“పిల్లని కూడా అడగాలి, రూలు” అని పరిశీలకురాలు పేచీ వైపు వంగింది. “ఏమ్మా, ఇంకో మూడేళ్ళు ఇక్కడేనా?”

పేచీ పిన్నిని చూసింది. ఎక్కువసేపు చూడలేదు.

“ఇక్కడే” అంది.

పరిశీలకురాలు పెన్ను తీసి కాగితంమీద పిల్ల పేరు రాయడం మొదలుపెట్టింది. అక్క నిట్టూర్చి గుమ్మానికి తల ఆన్చింది. పిన్ని మాత్రం గోడ దగ్గరే బిగుసుకుపోయింది. ఆరేళ్ళలో ఆ పిల్ల ఒక్కమాటతో జవాబు చెప్పడం అదే మొదటిసారి. ఎందుకు అనలేదు. మూడేళ్ళంటే ఎన్ని రోజులు అనలేదు. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ అని కూడా అనలేదు. జ్వరంలో మందు మింగడానికి కూడా గంటసేపు వాదించిన పిల్ల, ఇప్పుడు తన పేచీ మొత్తాన్నీ ఒక్క గుక్కలో మింగేసింది. ఎవరికోసం మింగిందో పిన్నికి తెలుసు.

తెలిసినా వెంటనే నోరు విప్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పాలి కదా. పిల్ల పేరు రాసేదాకా విప్పలేదు. పుట్టిన తేదీ రాసేదాకా విప్పలేదు. ఊరుకుంటే చాలు, మూడేళ్ళు తనవి. ఏడింటికి వచ్చి లేపే మూడేళ్ళు. రోము ఉంది, ఏథెన్సు ఉంది, సొలొమోను గుడి ఉంది, ఇంకా ఏవీ కట్టనే లేదు. పిన్నికి ఆ మూడేళ్ళు కావాలి. నేలమీద ఆ రెండు తెరలూ పక్కపక్కన పడి ఉన్నాయి. పరిశీలకురాలి పెన్ను కింది గడి దగ్గరికి వచ్చింది.

“మేడం, ఆగండి” అంది పిన్ని. “ఆ గడిలో బడి అని రాయండి.”

ఆవిడ తలెత్తింది. అక్క గుమ్మం వదిలి ముందుకు వచ్చింది. “ఏమంటున్నావే?”

“బడి అంటున్నానక్కా.”

“నిజంగానా?”

“నిజంగానే.”

పేచీ లేచి నిలబడింది. మొహం కందగడ్డ అయిపోయింది. “నేనడిగానా? నేను ఇక్కడే అన్నాను కదా! నన్నడిగింది ఆవిడ. చెప్పింది నేను. మధ్యలో నువ్వెందుకు? నేను చెప్పింది నీకు వినపడలేదా?”

“వినపడిందే.”

“మరి?”

“నువ్వంత బుద్ధిగా ఎప్పుడు మాట్లాడావ్?” పిన్ని గోడ వదిలి వచ్చి ఆ పిల్ల ముందు కూర్చుంది. “ఆ చారల సంచీ పిల్ల పేరేంటే?”

పేచీ నోరు తెరిచింది. ఏదో అనబోయింది.

“తెలీదు” అంది. “రెండేళ్ళనించి చూస్తున్నా. పేరు తెలీదు.” అంతే, భోరుమంది.

“తెలుసుకోవాలనుందా?”

ఏడుస్తూనే తల ఊపింది. పిన్ని లేచి ఆ పిల్లను దగ్గరికి తీసుకుంది. అలా తీసుకుని చాలా రోజులైంది కాబోలు, ఆ పిల్ల తల తన గడ్డందాకా వస్తుందని అప్పుడు తెలిసింది. “నేనూ పోతా, నేనూ పోతా!” అని బొంగరం వాళ్ళ చుట్టూ తిరగసాగింది. దానికి జవాబు చెప్పే ఓపిక ఎవరికీ లేకపోయింది. పరిశీలకురాలు ఇంకోసారి అక్కను చూసింది. అక్క కళ్ళొత్తుకుని సరేనన్నట్టు తల ఊపింది. ఆవిడ గడిలో రాసింది. అక్క సంతకం పెట్టింది.

ఆవిడ వెళ్ళాక అక్క డ్యూటీకి బయల్దేరుతూ చెల్లెలి భుజంమీద చెయ్యి వేసింది.

“మళ్ళీ కార్ఖానాకి పోతానంటావా?”

“ముందు ఈ గుడ్డ సంగతి చూడనీ అక్కా.”

“నా సంగతి కూడా కాస్త చూడవే. ఉండిపో” అని, జవాబు వినకుండా మెట్లు దిగిపోయింది.

మధ్యాహ్నం బొంగరం అలిసిపోయి ట్రంకు పెట్టెకు ఆనుకుని నిద్రపోయింది. పేచీ కత్తెర తెచ్చి కొత్త తెర పక్కన కూర్చుంది. ఎక్కువైన ముక్కను కోసేస్తే రెండూ సరిపోతాయంది. పిన్ని కత్తెర లాక్కుంది. కొయ్యడానికి వీల్లేదు, పాతదానికే అతుకు వేద్దామంది. అతుకు కనబడుతుంది కదా అని పేచీ వాదించింది. కనబడనీ అంది పిన్ని. ఎడారిలో అతుకులు వేసేవాళ్ళా అని అడిగింది పేచీ. నలభై ఏళ్ళు ఎడారిలో తిరిగినవాళ్ళు అతుకులు వెయ్యకుండా ఎలా ఉంటారే అంది పిన్ని. అలా అరగంట వాదించుకుని, చివరికి మిగిలిన నారగుడ్డలోంచి పద్నాలుగు వేళ్ళ ముక్క తీసి, తెర రెండు పక్కలా ఇద్దరూ కూర్చుని కుట్టడం మొదలుపెట్టారు. పిల్లల పనిలో పిన్ని సూది పెట్టడం అదే మొదలు. ఆమె కళ్ళు మాటిమాటికీ నిండుతున్నాయి. కుట్టు కాస్త వంకర పోతోంది. పేచీ అది చూసింది గానీ ఎత్తిచూపలేదు.

“పిన్నీ.”

“ఊ.”

“నేను బడికెళ్తే పగలంతా నువ్వేం చేస్తావ్?”

ఆరేళ్ళలో పిన్నిని ఎవరూ అడగని ప్రశ్న అది.

“హాయిగా నిద్రపోతా” అంది.

“అబద్ధం. నీకు పగలు నిద్ర పట్టదు.”

“అయితే సోఫాలు కుడతా.”

“అదీ అబద్ధమే. నిజం చెప్పు.”

పిన్ని సూది ఆపింది. ఈ పిల్లతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. “నీకోసం ఎదురుచూస్తా. చాలా? నాలుగింటికల్లా వచ్చేస్తావుగా.”

పేచీ దారం లాగి ముడి వేసింది.

“నాలుగుంబావుకి” అంది. “వాళ్ళతో కాస్సేపు మాట్లాడాలి కదా పిన్నీ.”

పిన్ని దారం కొరికి తెంపింది.

“సరే. నాలుగుంబావుకి” అంది.